సున్నపురాయి మీద ద్రాక్ష తీగ

మొన్న మా పత్రిక ఆదివారం అనుబంధం వాళ్ళు ఫ్రాన్సులోని ఒక పాత ద్రాక్షతోట గురించిన వ్యాసం పంపి, తెలుగు చేసిపెట్టమన్నారు. రిటైరయ్యాక నాకు అప్పుడప్పుడూ దొరికే పని అది. ఆ తోట పేరు నాకు నోరు తిరగలేదు గాని సంగతులన్నీ ఎరిగినవే అనిపించాయి. తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉందట. నేలంతా సున్నపురాయి, ఆ రాయి వల్లే తమ వైనుకు అంత పదును వచ్చిందని వాళ్ళ గొప్ప. బయటి కాయ ఒక్కటీ కొనరు. పండ్లు కడగరు, తొక్క మీది తెల్లటి పొరే రసాన్ని పులియబెడుతుందట. చక్కెర కలపరు. పంట బాగోని ఏడు తమ పేరుతో సీసా బయటికి పంపరు. అక్కడిదాకా రాసి కలం మూసేశాను. ఇవన్నీ మా పెద్దమ్మ పద్ధతులు. ఫ్రాన్సు అనే దేశం ఉందని కూడా ఆమెకు తెలియదు.

వత్సవాయి దగ్గర పల్లెలో ఆమె ఇల్లు. హైదరాబాదు పక్క ద్రాక్షతోటల్లో కూలికి పోయిన పెదనాన్న, ఒకసారి తడిగుడ్డలో చుట్టి కొమ్మ ఒకటి తెచ్చి పెరట్లో నాటాడు. జానెడు తవ్వితే గునపం ఖంగుమనే సున్నపురాయి నేల. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. దాన్ని పొడిచేసి అమ్ముకోవడమే తప్ప, దాని మీద తినేది ఏదైనా పండుతుందని ఎవరూ అనుకోలేదు. పండింది కూడా అంతంతమాత్రమే: చిన్న కాయలు, మందపాటి తొక్క, పళ్ళు పులిసిపోయే పులుపు. పెద్దమ్మ వాటిని చేత్తో పిసికి జాడీలో పోసి, గుడ్డ వాసెన కట్టి, పొద్దునా సాయంత్రం వేపతెడ్డుతో కలిపేది. పొంగు అణిగాక వడగట్టి మరో జాడీకి మార్చి చీకటి మూలన పెట్టేది. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ఆ రసమే, మనిషికి చెంచాడు. నాలిక మీద పులుపు, మింగాక వగరు, ఆ తర్వాత ఎప్పటికో, పాట సగంలో ఉండగా, ఎక్కణ్ణుంచో తీపి వచ్చేది.

పెదనాన్నను సారా తినేసింది. తొంభైల మొదట్లో ఊళ్ళో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళలో పెద్దమ్మే ముందు. ఆ తర్వాత మద్యనిషేధం వచ్చింది. దాంతోపాటే మా చర్చి సంఘ పెద్దకు భయమూ వచ్చింది. ఆయన రిటైరైన మాస్టారు, ఏ పనికైనా కాగితం చూడందే కదలని మనిషి. వచ్చే నెల నుంచి బల్లకు షాపులో దొరికే ద్రాక్ష సిరప్పును నీళ్ళలో కలిపి ఇద్దామని, పెద్దమ్మ తన జాడీ పారబోయాలని తీర్మానించాడు. సారా కొట్టు మూయించిన మనిషి ఇంట్లోనే జాడీ ఉంటే ఊరు నవ్వదా అని నలుగురిలో అడిగాడు.

"మా ఆయన్ని చంపిందేదో నాకు తెలుసండీ మాస్టారూ. అది ఇది కాదు," అంది పెద్దమ్మ.

అప్పట్లో నేను నందిగామ నుంచి వార్తలు రాసేవాణ్ణి. కబురు పెట్టి పిలిపించింది. రసం నింపిన సీసాను తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సులో జగ్గయ్యపేట ఎక్సైజు స్టేషనుకు వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె లోపలికెళ్ళి సీసా బల్ల మీద పెట్టి, ఇది నేరమైతే నా పేరు రాసుకోండి అంది. కుర్ర ఆఫీసరు మూత తీసి వాసన చూశాడు.

"రోజూ ఎంత తాగుతావమ్మా?"

"నెలకోసారి చెంచాడండి. అదీ ఊరందరి ముందు, మోకాళ్ళ మీద."

ఆయన సీసాను మెల్లగా ఆమె వైపు జరిపి, తీసుకెళ్ళమన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడిగితే, అలాంటి కాగితాలు ఉండవన్నాడు. బయటికొచ్చాక పెద్దమ్మ నన్ను దీన్ని పేపర్లో రాయమంది. కేసు పెడితే వార్తగాని, పెట్టకపోతే ఏం రాస్తామని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అయితే నీకూ కాగితమే కావాలన్నమాట."

ఆదివారం సిరప్పు పక్కనే తన సీసా పెట్టింది. మాస్టారు కాగితమేదని అడిగాడు.

"కాగితం ఇవ్వలేదు, కేసూ పెట్టలేదు," అని వెళ్ళి వరసలో మోకరించింది. పాస్టరు అయ్యగారు సిరప్పు పళ్ళెం పట్టుకుని రాగా పెదవులు బిగించింది. పక్కనున్న ఆమె కూడా బిగించింది. తనూ సారా కొట్టు ముందు కూర్చున్న మనిషే. అలా ఆమెతో మిరప కోతలకు పోయే ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు నోరు తెరవలేదు. అయ్యగారు కాసేపు పళ్ళెం వంక, కాసేపు మాస్టారి వంక చూసి, వెనక్కెళ్ళి పెద్దమ్మ సీసా తెరిచాడు. ఆ రోజు సిరప్పు తాగింది మాస్టారొక్కడే. పోయేదాకా సిరప్పే తాగాడు. ఆ పట్టుదలకు పెద్దమ్మ ఆయన్ని మెచ్చుకునేది కూడా.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు వానల్లేక తీగ కాయలేదు. సంఘం కుర్రాళ్ళు జగ్గయ్యపేట మార్కెట్టు నుంచి నిగనిగలాడే ద్రాక్ష తెచ్చారు. పెద్దమ్మ ముట్టుకోలేదు. ఆ ఏడంతా సంఘం సిరప్పు తాగింది. ఆమె మాత్రం నెలనెలా వరసలో మోకరించి, పెదవులు బిగించి లేచి వచ్చేది. ఆ తర్వాత మరికొన్ని పంటలు తీసి, తనూ వెళ్ళిపోయింది.

వార్తకు ఒక్క రోజే ఆయుష్షని ఉద్యోగంలో మాకు నేర్పారు. ఆ రోజు నేను రాయని వార్త మాత్రం ఇన్నేళ్ళూ నా దగ్గరే వాసెన కట్టి ఉంది. ఇప్పుడు విప్పితే పులుపేమీ పోలేదు. తీపి మాత్రం ఇప్పుడిప్పుడే తగులుతోంది.