గుండుసూదులు పీకేసిన రిజిస్టరు

గురువారం ఉదయం ఆరూ పదికి ఎల్బీ నగర్‌లో విజయవాడ బస్సెక్కాను. ఎందుకెక్కానో ముందే చెప్పేస్తాను. చందర్లపాడు దగ్గర మా మావయ్య ఏసుపాదం ఒక ఎకరం సాగు చేసుకుంటున్నాడు. ఎప్పుడో ప్రభుత్వం మా తాతకి ఇచ్చిన భూమి అది. ఆ ఎకరం ఆన్‌లైన్‌లో తాత పేరు మీద లేదు, మావయ్య పేరు మీదా లేదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా పాత రికార్డు చూపించి పేరెక్కించుకోవాలి. లేకపోతే జాబితా ఖరారైపోయి అది ప్రభుత్వ భూమిగా మిగిలిపోతుంది. మావయ్యకి వేరే పొలం లేదు.

ఆయన ఫోన్ చేసినప్పుడు విసుక్కున్నాను. "అంతా ఆన్‌లైనే మావయ్యా. ఇక్కణ్ణించే చేసేస్తా" అన్నాను. మూడు రోజులు పోర్టల్‌తో కొట్లాడాను. ప్రతిసారీ ఒకటే జవాబు, రికార్డు లభ్యం కాలేదని. నాకు కోపమొస్తే తిట్టడానికి ఎదురుగా మనిషుండాలి. అందుకే రెండు రోజులు సెలవు పెట్టాను.

పక్క సీట్లో కోదాడ దాకా వెళ్తున్న ఒక పెద్దావిడ. నా ఫోన్లోకి కాసేపు తొంగి చూసి అడిగింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"నందిగామ. ఆఫీసులో పాత కాయితం కావాలి."

"కాయితం కోసమా! మరి రేపటికి బట్టలు తెచ్చుకున్నవా?"

తెచ్చుకోలేదు. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి నా మొదటి సలహా ఆవిడదే: రెండు జతలు పెట్టుకోండి.

గరికపాడు దాటాక బస్సు ఒక దాబా దగ్గర పావుగంట ఆగింది. లారీల వరస పక్కన నిలబడి నాలుగిడ్లీ తిన్నాను. పదీ ఇరవైకి నందిగామ బైపాస్‌లో దిగాను. మావయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ప్లాస్టిక్ కవరుతో.

"ఏమే కోడలా, ఇంత సన్నబడ్డావు? ఆ ఫోనే తింటున్నావా?"

"ముందు ఆఫీసుకి పద మావయ్యా."

ఆఫీసు పేరు రాయను. రాస్తే అక్కడ మంచిగా మాట్లాడినావిడకే చిక్కు. ఆ మేడంకి నా వయసే ఉంటుంది. నేను తిట్టడానికి సిద్ధమై వెళ్తే, కుర్చీ చూపించి, మంచినీళ్ళిప్పించి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

అప్పట్లో నలభై ఎకరాల బీడుని నలభై చెక్కలు చేసి పంచారు. రిజిస్టరులో చెక్కకొక పేజీ, ఏ నంబరు చెక్క ఎక్కడో చెప్పే పటం మాత్రం లేదు. పేజీ మీద మొదట తీసుకున్నవాళ్ళ పేరు. వాళ్ళలో ఎవరన్నా ఊరొదిలి వెళ్ళిపోతే ఆ చెక్క ఇంకొకళ్ళకిచ్చేవారు. అప్పుడు పాత పేరు కొట్టేసేవారు కాదట. కొత్త పేరు ఒక చీటీ మీద రాసి, వేలిముద్ర వేయించి, ఆ పేజీకే గుండుసూదితో గుచ్చేవారు. అది ఏ చెక్కో పేజీ చెబుతుంది, ఎవరిదో చీటీ చెబుతుంది. పేజీకే గుచ్చి ఉంది కదా అని చీటీ మీద చెక్క నంబరు రాసేవారు కాదు. మా తాతకొచ్చింది అలా చేతులు మారిన చెక్కే. ఆయనకి ముందు అదెవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత స్కానింగ్ వాళ్ళొచ్చారు. సూదులుంటే మిషన్ పాడవుతుందని ముందుగా సూదులన్నీ పీకించారు. చీటీలు ఒక సంచిలో వేశారు. పేజీలు కోసి స్కాన్ చేశారు. పని పూర్తయ్యాక పేజీల్ని పాత కాయితాల కింద తూకానికి వేసేశారు.

"ఏ చీటీ ఏ పేజీదో రాసిపెట్టుకోవాలని ఒక్కళ్ళకీ తట్టలేదా?" నా గొంతు లేచింది. క్యూలో వాళ్ళు తిరిగి చూశారు.

"కాంట్రాక్టులో పేజీలే ఉన్నాయండి" అంది మేడం. "చీటీల మాట లేదు. మీ చీటీ దొరికినా, ఏ పేజీదో చెబితేనే నేను ఎక్కించగలను. సంచి జగ్గయ్యపేటలో ఒక గదిలో ఉందంటారు. నేను చూళ్ళేదు."

పొద్దున ఆ ఊరి పక్కనుంచే వచ్చాను. ఒక మెస్సులో భోంచేసి, ఒంటిగంటన్నరకి వెనక్కి బస్సెక్కాం. మావయ్యే టికెట్లు తీశాడు. నేను తీస్తానంటే, "నీ ఫోన్లో డబ్బులు కండక్టరుకి కనపడవులే" అని నవ్వాడు. దారంతా మా వాళ్ళ పెళ్ళిళ్ళ గురించే మాట్లాడాడు. భయమేస్తే ఆయనకి మాటలెక్కువవుతాయని తర్వాత అర్థమైంది.

రెండూ నలభైకి జగ్గయ్యపేటలో ఆ గది తలుపు తీసింది మీరావలి గారు. అటెండరుగా రిటైరయ్యాడు, అయినా రోజూ వస్తాడు. ఏది ఎక్కడుందో ఇంకెవరికీ తెలియదు మరి.

"సంచా? ఉందమ్మా. ఎలకలు కొట్టకుండా పైన పెట్టా. సూదులు కూడా దాచా" అని బిస్కెట్ డబ్బా ఒకటి దించాడు. నిండా తుప్పుపట్టిన గుండుసూదులు.

"ఇవెందుకండీ?"

"గవర్నమెంటువి కదమ్మా. రేపెవరన్నా లెక్కడిగితే?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాప పరిచి సంచి కుమ్మరించాం. అది ఒక్క మా రిజిస్టరుది కాదు, ఎన్నో ఊళ్ళది. నేను ఒక్కొక్కటీ ఫోన్ లైటులో పైకి చదవడం, ఆ పేరు వినగానే మావయ్య ఇది మన ఊరిదనో కాదనో చెప్పడం. ఐదూ పావుకి దొరికింది. బొటనవేలంత చీటీ కాదు, అరచెయ్యంత. తాత పేరు, ఒక ఎకరం అన్న మాట, నీలం వేలిముద్ర. మావయ్య దాన్ని ముట్టుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుని చూశాడు.

"మా అయ్య వేలే. కొసన గాటు చూడు, కొడవలి తెగింది" అన్నాడు.

ఆ నలభై చెక్కలవే ఇంకో ఆరు చీటీలు దొరికాయి, అన్నీ మావయ్య వీధివాళ్ళవే. వాటికీ పేజీ తెలియదు. అప్పుడు మీరావలి గారు చీటీని దీపం కేసి ఎత్తి పట్టుకున్నాడు. సూది గుచ్చిన రెండు బెజ్జాలు, వాటి చుట్టూ తుప్పు మరక.

"ఇదిగోనమ్మా. ఇదే మరక పేజీకీ అంటుకుని ఉంటది. ఇంత పొడుగు, ఇంత వంకర. స్కానులో చూసి కలుపుకోండి, అదే మీ పేజీ."

ఆయన్ని అక్కడే కౌగిలించుకోబోయాను. చీటీ మాత్రం చేతికివ్వలేదు. "రికార్డు బయటికి పోకూడదు" అన్నాడు. ఏడు చీటీలకీ రెండు వైపులా ఫొటోలు తీసుకున్నాను. మావయ్య ఊరెళ్ళిపోయాడు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను తిరిగింది, దుప్పటి శుభ్రంగానే ఉంది. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం పదీ పదికి నందిగామలో మళ్ళీ అదే కుర్చీ, పక్కన ఊర్నించి వచ్చిన మావయ్య. మేడంకి మరక సంగతి చెబితే ఆమె ముఖం కూడా వెలిగింది. "ఇది నాకు తట్టలేదండీ" అని నలభై పేజీలూ తెరిచింది.

తెల్లగా ఉన్నాయి. పాల మీద రాసినట్టు అక్షరాలు, అంతే. బెజ్జం లేదు, తుప్పు లేదు, పసుపుదనం లేదు. పెద్దవి చేసి చూసింది, నేనూ చూశాను. మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా ఒక్క మచ్చ లేదు.

"మచ్చలన్నీ శుభ్రం చేసి ఇచ్చారు" అంది మేడం మెల్లగా. "నాణ్యత కోసం."

మావయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ పేర్లు చదువమ్మా" అన్నాడు. మేడం చదువుతుంటే, "వాళ్ళింకా దున్నుతున్నారు, అది తీసెయ్. అదీ వాళ్ళదే, తీసెయ్" అంటూ ముప్ఫై మూడు పేజీలు తీయించాడు. ఎవరికీ తెలియని పేర్లున్న పేజీలు ఏడు మిగిలాయి. ఏడు చీటీలు, ఏడు పేజీలు. అన్నీ ఎకరమే.

"మా ఏడుగురం వచ్చి సంతకాలు పెడతామండి" అన్నాడు మావయ్య. "ఎవడి చెక్క ఏదో గట్టు మీద నిలబడి చూపిస్తాం. మాలో మాకు తగువు లేదు."

"దీంట్లో సంతకానికి చోటు లేదండీ. చీటీకి ఒక పేజీ నంబరు వెయ్యాలి. వెయ్యకపోతే సేవ్ అవదు." తెర మీద ఆ గడి చుట్టూ ఎర్ర గీత.

నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాను. గడి ఖాళీగా ఉంటే ముందుకి పోనివ్వకూడదని పట్టుబట్టి ఎన్నోసార్లు మార్పించినదాన్ని నేనే. ఆ ఎర్ర గీతని తిట్టడానికి నోరు రాలేదు.

మేడం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఏడింట్లో ఏదో ఒకటి చెప్పండి. నేను అడగను."

"పన్నెండు వెయ్యండి" అన్నాను వెంటనే.

"ఆగు" అన్నాడు మావయ్య. "పన్నెండు మా వీధి ఎలీసమ్మదైతే?"

"ఏడింట్లో ఒక వంతు మనదే అవ్వొచ్చుగా!"

"ఆరు వంతులు కాకపోవచ్చు. ముసిల్ది ఒక్కతే మిరప వేసుకుని బతుకుతంది. దాని చెక్క నా పేరున పడితే, రేపు దాని గుమ్మం ముందునించి ఎట్టా నడవాల?"

"ఐదింటికి ఆవిడదీ పోతుంది మావయ్యా! నీదీ పోతుంది! వదిలేస్తే ఎవరికి లాభం?"

"పోతే గవర్నమెంటోడు తీసుకున్నట్టు. నేను తీసుకున్నట్టు కాదు."

ఆఫీసులో అందరి ముందూ ఆయన మీద అరిచాను. చేతగానితనం అన్నాను, ఇంకా ఏవో అన్నాను. ఆయన ప్లాస్టిక్ కవరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. మేడంకి దణ్ణం పెట్టాడు. మేడం అర్జీ ఒకటి రాయించి తీసుకుంది. దాని రసీదు మీద కూడా పేజీ నంబరు గడి ఖాళీగానే ఉంది.

మూడూ ఇరవైకి బస్సెక్కించాడు. కిటికీలోంచి అరటిపళ్ళు అందించి, "కోపం తగ్గాక తిను" అన్నాడు. తగ్గలేదు. ఆయన మీదో, ఆ తెల్లటి పేజీల మీదో, నా మీదో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. పేజీ నంబరు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, కానీ గట్టు ఎక్కడుందో ఏడిళ్ళవాళ్ళకీ తెలుసు. తెలిసినవాళ్ళని అడిగే గడి మాత్రం ఎక్కడా లేదు. ఈ ప్రయాణంలో నేను చూసొచ్చింది అదే.

ఐదూ ఐదుకి, కోదాడ దాటిన తర్వాత, పోర్టల్ తెరిచాను. జాబితా ఖరారైంది. మిగిలిన ఆ ఏడు చెక్కల ఎదురుగానూ ప్రభుత్వ భూమి అని ఉంది. మావయ్య ఎకరం వాటిలోనే ఏదో ఒకటి.

అంతలో మావయ్య ఫోన్.

"సీటు దొరికిందా కోడలా?"

"దొరికింది."

"దాంట్లో ఏమన్నా వచ్చిందా? చూశావా?"

వెనకాల మోటారు చప్పుడు వినపడుతోంది. కరెంటొచ్చినట్టుంది, చేనుకి నీళ్ళు పెడుతున్నాడు.

"సిగ్నల్ లేదు మావయ్యా, తెరుచుకోవట్లేదు" అన్నాను.

"సరేలే. నిదానంగా చూడు. ఈ తడి అయిపోయాక రేపు ఎరువెయ్యాల" అని పెట్టేశాడు.

సిగ్నల్ నిండుగా ఉంది.