రోజూ చెంచెడు పట్టించు

మా పాపకు పదకొండో నెల వచ్చినా తొమ్మిదో నెల బరువే ఉంది. నెలకోసారి ఊరికొచ్చి పిల్లల్ని తూచే నర్సమ్మ కార్డు మీద చుక్క పెట్టి, "వచ్చే నెల గూడ గిట్లనే ఉంటే ఖమ్మం పెద్ద దవాఖానాల చేర్పించుడే" అంది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

ఎనభైల్లో, మావారి బడి ఉద్యోగం కోసం జూలూరుపాడు అవతలి అడవి అంచు ఊళ్లో ఉండేవాళ్లం. మధిర వైపు నుంచి నేను తెచ్చుకున్నవి ఒక సైన్సు డిగ్రీ, బోలెడంత భయం.

చేపలమ్మే కోయ అవ్వ పాపను ఎత్తి చూసి, మర్నాడు ఒక సీసా తెచ్చింది. వాలుగ చేప పొట్టలోని కొవ్వును సన్నసెగ మీద కరిగించి, పసుపు వేసి వడకట్టిన నూనె. వాళ్లిళ్లలో బక్క పిల్లలకూ బాలింతలకూ అదే బలమట.

"రోజూ చెంచెడు పట్టించు బిడ్డా. బుగ్గలొస్తయ్."

చేప కొవ్వులో ఎ, డి విటమిన్లు ఉంటాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఎండ తగిలితే చర్మంలోనే డి తయారవుతుందనీ చదివాను. రెండూ కలిపేసుకున్నాను. నూనె పట్టించేది ఒంటికే కదా! రోజూ పొద్దున్నే పాపకు తల నుంచి పాదాల దాకా పట్టించి, అరుగు మీద లేత ఎండలో పడుకోబెట్టేదాన్ని.

మూడో రోజుకు రెండు పిల్లులు వచ్చాయి. వారానికి ఏడు. అవి మడమలు నాకుతుంటే పాప కేరింతలు, చీపురు పట్టుకుని నేను కాపలా. మావారు బడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇంట్ల ఏం చచ్చిందే?"

"ఏం చావలేదండీ. విటమిన్లు."

తూకం రోజు వచ్చింది. బడి వరండా దూలానికి వేలాడే కాటా సంచిలో నర్సమ్మ పాపను కూర్చోబెట్టింది. ముల్లు పాత గీత మీదే ఆగింది. అంతలో మా వెనకే వచ్చిన బూడిదరంగు పిల్లి ఎగిరి సంచిలో పడింది. ముల్లు గిర్రున తిరిగింది.

"పెరిగింది!" అని అరిచాను, పిల్లిని కళ్లారా చూస్తూనే.

"ముందు పిల్లిని దించమ్మా" అంది నర్సమ్మ.

చేపల తట్టతో అటే పోతున్న అవ్వ ఆగింది. "పిల్లి మంచిగ బలిసింది. నూనె దానికి పట్టించినవా ఏంది?"

"లేదవ్వా, పాపకే. ఒళ్లంతా రోజూ రుద్దుతూనే ఉన్నా."

"ఒంటికా?" అవ్వ తట్ట దించి, కూలబడి నవ్వింది. "పాలు పట్టిస్తవ్, మందు పట్టిస్తవ్. గవి యాడ పట్టిస్తవ్ తల్లీ, ఈపుకా?"

నర్సమ్మ కార్డు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకొక్క నెల చూస్త. అన్నంల కలిపి పెట్టు. గుడ్డు గూడ పెట్టు."

ఆ మధ్యాహ్నం మెత్తటి అన్నంలో కాస్త కలిపి పెట్టాను. పాప మొదటి ముద్ద నోట్లోనే ఉంచుకుని చాలాసేపు ఆలోచించి, మింగి, మళ్లీ నోరు తెరిచింది. గడపవతల పిల్లులు వరసగా కూర్చుని చూశాయి.

తర్వాతి తూకానికి ముల్లు పాత గీత దాటింది. నర్సమ్మ చుక్క పెట్టబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు సంచిలోకి తొంగి చూశాను. పాప ఒక్కతే ఉంది.