మా అమ్మాయి చూసిన ఎండాకాలం

మా అమ్మాయి బళ్లో ఒకరోజు పిల్లలందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, మీ అమ్మానాన్నల ఊళ్లో కాలాలు ఎలా ఉంటాయో నాలుగు గళ్లలో బొమ్మలు వేయమన్నారట. మాది హైదరాబాద్ పాతబస్తీలో ఉప్పుగూడ. ఉంటున్నది నెదర్లాండ్స్‌లో. మా పిల్ల నాలుగు గళ్లలోనూ వానే వేసింది. ఒకదాంట్లో గొడుగు, ఒకదాంట్లో ఆటో మీద కురిసే వాన, ఇంకోదాంట్లో తడిసిన బర్రెలు, చివరిదాంట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నిలబడ్డ నేను. సాయంత్రం తీసుకురావడానికి వెళితే టీచరమ్మ ఆ కాగితం చూపించి, "మీ ఊళ్లో అసలు ఎండే రాదా?" అని అడిగింది. వేళాకోళానికి కాదు, నిజంగానే. నాకు నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక పిల్లను అడిగాను. "నేను చూసింది గదే కదమ్మా" అంది.

నిజమే. బడికి పెద్ద సెలవులు జూలై, ఆగస్టుల్లో వస్తాయి. అది పుట్టినప్పటినుంచీ మేము వెళ్లిందంతా వానల్లోనే.

ఇక్కడి కాలాలు అలవాటు కావడానికి నాకూ చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన కొత్తలో, చలికాలం సాయంత్రం కాకుండానే చీకటి పడుతుంటే గుబులుగా ఉండేది. ఇప్పుడు చలికాలమంటే నాకు మా వంటింటి బల్లే గుర్తుకొస్తుంది. ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే కాబట్టి ముగ్గురమూ అక్కడే చేరతాం. మా ఆయన కూర తరుగుతాడు, పిల్ల లెక్కలు చేసుకుంటుంది, నేను చపాతీలు వత్తుతాను. వేసవి వచ్చిందంటే రాత్రి పదింటిదాకా వెలుగు. ఇక ఎవరి దారి వాళ్లదే. పిల్ల సైకిలెక్కి పోతుంది, ఆయన బాల్కనీలో టమాటా కుండీల దగ్గర ఉంటాడు. కాలం మారితే ఇంట్లో మనుషులు కూర్చునే చోట్లు కూడా మారిపోతాయని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

"నేను హైదరాబాద్ ఎండకాలం చూస్తా" అని పిల్ల పట్టుబట్టింది. మే మొదట్లో వాళ్లకు రెండు వారాలు సెలవులు. ఆయనకు లీవు దొరకలేదు. ఉప్పుగూడలో మా పుట్టింట్లో ఇప్పుడు ఉండేది అక్క, బావ. ఇంటి వెనక కొట్టంలో బర్రెలున్నాయి, పాలు పోయడమే వాళ్ల బతుకు. అక్కకు ఫోన్ చేశాను.

"నీకు పిచ్చా ఏందే? గీ ఎండలల్ల ఎవ్వలన్న పిల్లను తీస్కొస్తరా?"

"అదే చూస్తనంటుంది అక్కా."

"చూస్తదట! సరే, తీస్కరా. కూలర్‌ల కొత్త గడ్డి ఏపిస్త."

విమానాశ్రయం తలుపులు దాటగానే వేడిగాలి ముఖాన కొట్టింది. "గీ గాలి ఎక్కడ్నుంచి వస్తుందమ్మా?" అంటూ పిల్ల చుట్టూ చూసింది, దగ్గర్లో ఏదో యంత్రం తిరుగుతోందేమోనని.

మొదట్లో దానికి ఏదీ పడలేదు. ఒంటి నిండా చెమటకాయలు, అన్నం సయించదు. నేల మీది షాబాదు బండల మీద పడుకునేది. కింద బండ వెచ్చబడగానే పక్క బండ మీదికి దొర్లేది. ఓ మధ్యాహ్నం "ఇంటికి పోదాం" అని ఏడ్చేసింది. ఇల్లంటే దానికి నెదర్లాండ్స్‌లోని ఇల్లే. ఆ మాట అక్క విందని నేను నొచ్చుకున్నాను. అక్క మాత్రం తడిగుడ్డతో దాని మెడ తుడుస్తూ, "ఏడ్వకు బిడ్డా. గీ ఎండకు నాగ్గూడ ఎటన్న పోవాల్ననే ఉంటది. రేపు పొద్దుగాల లే, బర్రెలకు తానం చేపిద్దాం" అంది.

మర్నాడు అక్క పిల్ల చేతికి నీళ్ల పైపు ఇచ్చింది. అది కాసేపు భయం భయంగా దూరం నుంచే కొట్టింది. ఒక బర్రె హాయిగా కళ్లు మూసుకోవడం చూసి దగ్గరికి వెళ్లింది. తర్వాత పైపు తన నెత్తి మీదే పెట్టుకుంది. ఆ తర్వాత పాలక్యాన్లు కడుగుతున్న బావ మీదికి తిప్పింది.

"అరె, నేనేమన్న బర్రెనా బిడ్డా?" అని బావ అరిచాడు గానీ అక్కడినుంచి కదల్లేదు.

ఆ రోజునుంచి దానికి ఆకలి వేసింది. పెరుగన్నం తినేది, ముంజలు జుర్రుకునేది, పొద్దున ఎవరూ లేపకుండానే కొట్టంలో ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. అక్క తలుపులకు తడి దుప్పట్లు కట్టింది. అందరం బండల మీద వరసగా పడుకున్నాం. కాసేపటికి బావ, పిల్ల నిద్రపోయారు. మేమిద్దరం మాట్లాడుకుంటూ ఉండిపోయాం. వానాకాలంలో వస్తే బోనాలు, చుట్టాల ఇళ్లు, బట్టల దుకాణాలు. ఎప్పుడూ ఒక కాలు గడప బయటే ఉండేది. ఈ ఎండలో ఎవరూ ఎక్కడికీ పోరు, ఎవరూ రారు. పోయిన చలికాలం మోకాలి నొప్పితో పాలు పిండలేకపోయిన సంగతి అక్క అప్పుడు చెప్పింది.

"ఫోన్‌ల ఒక్కసారన్న చెప్పలేదు కదక్కా!"

"చెప్తె నువ్వు ఆడ కూసోని ఫికర్ చేస్తవ్. గిప్పుడు మంచిగనే ఉంది తియ్యి."

"నేను గూడ నీకు చెప్పలే. మొదటి చలికాలం మస్తు ఏడ్చిన."

అక్క నా వైపు తిరిగింది. నా మోచేతి మీద చెయ్యి వేసి, "వానలల్ల వస్తె నువ్వు చుట్టం లెక్క వస్తవే. గిప్పుడు ఇంట్ల మనిషి లెక్క పండుకున్నవ్" అంది.

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. కరెంటు వచ్చి కూలర్ మోగినా ఇద్దరం లేవలేదు.

తిరిగి వచ్చే ముందురోజు సాయంత్రం చల్లబడ్డాక చార్మినార్ వెళ్లి పిల్లకు ఆకుపచ్చ గాజులు కొన్నాం. దుకాణదారు "కౌన్‌సా రంగ్, బేటీ?" అంటే, పెద్దమ్మ దగ్గర నేర్చుకున్న ఉర్దూలో "హరా" అని ఠకీమని చెప్పి ఆయన్ని మురిపించింది.

ఇక్కడ దిగేసరికి సన్నగా జల్లు. మా ఆయన మా ఇద్దరి జాకెట్లూ పట్టుకుని నిలబడ్డాడు. దారి పొడవునా పిల్ల బర్రెల సంగతులే చెప్పింది. జల్లు తగ్గాక, ఇంకా వెలుగుండగానే ముగ్గురం బాల్కనీలో అన్నాలకు కూర్చున్నాం. అక్క కట్టిచ్చిన మామిడికాయ తొక్కు ఇంకా ఊరలేదని చెప్పినా ఆయన వినలేదు. మూత తీసి, వేడన్నంలో కలుపుకుని కళ్లు మూసుకున్నాడు.

"వచ్చే ఎండకాలం నేను గూడ వస్త" అన్నాడు.

పిల్ల ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "వద్దు నాన్నా, గా ఎండకు నువ్వు తట్టుకోలేవు" అంది, హైదరాబాద్ ధూల్‌పేట్‌లోనే పుట్టి పెరిగిన మనిషితో.