చెవుల్లో దూదితో కార్ల పందెం

అవి ప్రపంచంలో నాకు తెలియని సంగతంటూ ఏదీ మిగల్లేదని నేను గట్టిగా నమ్మిన రోజులు. మరీ పాతకాలం కాదు లెండి, కొన్నేళ్ల కిందటి మాటే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. ఫోన్‌లో కార్ల పందేలు చూసి చూసి, ఏ డ్రైవర్ ఏ మలుపులో ఎందుకు వెనకబడ్డాడో తాండూరులో మా ఇంటి మంచం మీద పడుకునే తీర్పు చెప్పేదాన్ని. (నా డ్రైవింగ్ సంగతి అడక్కండి. అప్పటికి నాకు స్కూటీకి స్టాండు వేయడం కూడా సరిగ్గా రాదు.) అలాంటి నాకు వికారాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక కరెంటు బండ్ల షాపులో రిపేరు పని దొరికింది. వెళ్లి చేరడమే తరువాయి. ఇంట్లో మా అమ్మ మాత్రం, "ఆడపిల్ల పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకోని బండ్ల కింద దూరుతదా? బడిల పంతులమ్మగ చేరు" అని ఒకటే పోరు. నాయిన అభ్యంతరం ఇంకోటి. "సప్పుడు లేని బండి గూడ ఒక బండేనా బిడ్డా? గది బొమ్మ. బొమ్మలు బాగుజేసుడు గూడ ఒక కొలువేనా?" అనేవాడు.

పాపం, ఆయన అలా అనడంలో వింతేమీ లేదు. ఆయన బతుకంతా బండల పాలిష్ యూనిట్లో గడిచింది. నాపరాయి మీద ఆ మిషన్లు తిరుగుతుంటే పక్క మనిషి మాట వినపడదు. అందుకే అక్కడ చెవుల్లో దూది పెట్టుకుంటారు, సగం మాటలు చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి చూపిస్తే మిషన్ ఆగిందని, అరచేయి తిప్పితే బండ తిరగెయ్యమని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ తాగుదామని. చేతులతో తేలని సంగతైతే అరుస్తారు. ఆ అరుపు ఆయనతో పాటు ఇంటికీ వచ్చేది. మా నాయిన గుసగుసగా ఉప్పు అడిగితే మూడిళ్ల అవతలి వాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులో, సాగర్ పక్క రోడ్ల మీద కరెంటు కార్ల పందెం పెట్టారు. షాపు సేటు రెండు పాసులిచ్చాడు. ఇంకేముంది, నాయిన్ని ఒప్పించడానికి దేవుడే దారి చూపించాడనుకున్నాను. "సప్పుడు లేదంటివి గద, రా నాయినా సూపిస్త. పందెం కార్లంటే మాటలా! చెవుల తుప్పు వదుల్తది" అన్నాను. నేను అంతదాకా చూసినవన్నీ పెట్రోలు కార్ల పందేలే. కరెంటువైనా పందెం పందెమే కదా, ఆ స్పీడుకు భూమి దద్దరిల్లదా అని నా ధీమా. (నాది ఎలక్ట్రికల్ డిప్లొమా అని మళ్లీ గుర్తు చేయకండి.) నాయిన, "సరే, జూస్త. మంచిగనిపిస్తె మీ అమ్మతోని నేనే మాట్లాడుత. లేకుంటె మాత్రం నువ్వు బడికే పోవాలె" అన్నాడు. అంటే నా కొలువంతా ఆ పందెం సప్పుడు మీద ఆధారపడింది.

పొద్దున్నే రైలెక్కాం. వికారాబాద్ స్టేషన్‌లో "ఇగో, మా షాపు గీడనే" అని ఉత్సాహంగా చూపించబోతే ఆయన అనంతగిరి గుట్టల వైపు మొహం తిప్పుకున్నాడు. గ్యాలరీలో కూర్చోగానే జేబులోంచి దూది తీసి నాకు సగం ఇచ్చాడు. యూనిట్లో అలవాటైన చేయి కదా, ఇద్దరం బాగా దట్టించుకున్నాం. నేలకు ఆనుకుని ఉన్న కార్లు వచ్చి వరసగా నిలబడ్డాయి, కాసేపటికి కదిలి వెళ్లిపోయాయి. నాకైతే ఏమీ వినపడలేదు. నాయిన పిడికిలి చూపించి కనుబొమలు ఎగరేశాడు, మిషన్ బందుందా అని.

"ఇంక షురూ కాలె నాయినా! గిది వార్మప్! ఇంజన్లు వేడి జేస్తున్నరు!" అని అరిచాను. ముందు వరసల వాళ్లంతా వెనక్కి తిరిగారు. నా పరిజ్ఞానానికి ముచ్చటపడుతున్నారనుకున్నాను. కార్లు మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. నాయిన బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. "ఇప్పుడు చాయ్‌కి లేస్తె స్టార్టింగ్ పోతది! కూసో!" అని ఇంకా గట్టిగా అరిచాను. అప్పుడు పక్క సీటులో ఉన్న తెల్లగడ్డం పెద్దాయన నా భుజం తట్టాడు. ఒక చెవిలో దూది తీశాను.

"బేటీ, రేస్ ఎప్పుడో షురూ అయింది. ఆధా అయిపాయె" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "మీది తాండూరే కదా? పాలిష్ యూనిట్లోల్లు తప్ప గిట్ల చేతులతోని ఎవరు మాట్లాడుతరు!"

రెండో దూది కూడా తీశాను. మైకులో ఎవరో ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా చెబుతున్నారు. ఎదురుగా కార్లు దూసుకుపోతున్నాయి. ఆ సప్పుడెంతనుకున్నారు? పక్కింట్లో మిక్సీ తిరిగినంత. అయిపోయింది నా కొలువు, ఇక బడి, బెత్తం, చాక్‌పీసు అనుకుంటూ నాయిన వైపు తిరిగాను. ఆయన ముందున్న కడ్డీ పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. మలుపులో ఒక కారు ఇంకో కారును సందులోంచి దాటేసింది. ఆయన చటాలున నా వైపు తిరిగి, చెవుల్లో దూదితోనే, యూనిట్ గొంతుతో అరిచాడు.

"ఏందే వార్మప్పు! దూది పెట్టుకున్నా మిషన్ సప్పుడు నాకు దవడ పండ్లల్ల అదిరి తెలుస్తది! వీటికి సప్పుడే లేదు! లేకున్న గెట్ల ఉరుకుతున్నయో సూడు! నా జిందగంత గా మిషన్ల సప్పుడ్లనే పాయె. నువ్వన్న సప్పుడు లేనికాడ పని జెయ్యి బిడ్డా! మీ అమ్మకు నేను జెప్త!"

గ్యాలరీ మొత్తం మా వైపే చూసింది. ముందు ఆ తెల్లగడ్డం పెద్దాయన చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. ఎవరో గెలిచారనుకుని నాయిన కూడా కొట్టాడు. నేను మాత్రం కళ్లు తుడుచుకున్నాను. (దుమ్ము పడిందని చెప్పాను. దూది వల్ల ఆయనకు అదీ వినపడలేదు.) ఇంటికెళ్లాక నాయిన అమ్మతో ఈ సంగతి గుసగుసగా చెప్పాడు. పొద్దున్నే మూడిళ్ల అవతలి వాళ్లు వచ్చి, కొలువు దొరికిందట కదా అని నన్ను మెచ్చుకుని వెళ్లారు.

ఇప్పుడు నాయినకు వినికిడి బాగా తగ్గింది. యూనిట్ మానేసి, అప్పుడప్పుడు రైలెక్కి మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఎవరైనా బండి రిపేరుకు తెస్తే పెద్ద మెకానిక్‌లా పరీక్షగా చూస్తాడు. ఆయనను చూస్తే నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది, చెవుల్లో దూది కుక్కుకుని, సగమైన పందేన్ని ఇంకా మొదలు కాలేదని లోకానికి చాటిన పిల్ల. అంత ధీమా ఇప్పుడు కావాలన్నా రాదు. నేను బండి బాగుచేసి స్విచ్ వేస్తాను. నాయిన పిడికిలి చూపించి కనుబొమలు ఎగరేస్తాడు, ఆగిందా అని. నేను తల అడ్డంగా ఊపి, తిరుగుతున్న చక్రం వైపు చూపిస్తాను. ఆయన నవ్వి, బొటనవేలు నోటి దగ్గర పెడతాడు.