గేటు వేసింది నేనే

1994లో నన్ను తిరుపతిలోని ఒక రైల్వే ఆఫీసులో సీనియర్ క్లర్కుగా వేశారు. కింది సిబ్బంది తెలుగులో రాసిచ్చే సంజాయిషీలను ఇంగ్లీషులోకి మార్చి, తెలుగు రాని అధికారికి పంపడం నా పని. నా ఇంగ్లీషంటే నాకు మహా పొగరు.

శ్రీకాళహస్తి దగ్గర లెవెల్ క్రాసింగులో మునిరత్నం గేట్‌మన్. డ్యూటీలో తాను లేకుండా భార్య చేత గేటు వేయించాడని అతని మీద ఫిర్యాదు వచ్చింది. "గేటు నేనే వేసినాను" అని ఒక్క ముక్కలో జవాబు రాశాడు. నేను దాన్ని "ఐ ఓన్లీ క్లోజ్డ్ ద గేట్" అని టైపు కొట్టి పంపాను. మనం ‘నేనే’, ‘ఇక్కడే’ అని నొక్కి చెప్పే చోటల్లా ఓన్లీ తగిలించడం అప్పట్లో నాకు అలవాటు.

కొన్నాళ్లకు మునిరత్నం నోటీసు పట్టుకుని వచ్చాడు. గేటు మూశానే తప్ప తాళం వేయలేదని నీ నోటితోనే ఒప్పుకున్నావు, ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పు అని అందులో ఉంది.

"బీగం వెయ్యలేదని నేనెప్పుడు రాసినాను సార్? నేనే వేసినానని కదా రాసింది! ఈ పని పోతే పిల్లోళ్లను పెట్టుకుని యాడికి పోయేది?" అన్నాడు.

కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను. నేను రాసిన ఇంగ్లీషుకు ‘గేటు మూయడం మాత్రమే చేశాను’ అనే అర్థం కూడా వస్తుంది. అధికారి అలాగే చదివాడు.

మా సూపరింటెండెంటుకు చెప్పాను. "ఒక్క మాట కోసరం ఫైలు తిరగదోడతావా అప్పా? నీ సర్వీసు రికార్డులో మచ్చ పడతాది. గమ్మునుండు" అన్నాడు. పడితే పడనీ అన్నాను.

గేటుకు తాళం వేశాకే గేట్‌మన్ ఫోనులో స్టేషన్ మాస్టరుకు ప్రైవేట్ నంబరనే గుర్తు సంఖ్య చెప్పాలి. అది రిజిస్టరులోకి ఎక్కుతుంది. నేనే స్టేషనుకు వెళ్లి ఆ పేజీకి నకలు రాసుకున్నాను. ఆ రోజు నంబరు చెప్పిన గొంతు మునిరత్నందేనని స్టేషన్ మాస్టరు చేత రాయించుకున్నాను. అనువాదంలో తప్పు నాదని నోటు పెట్టి, మూడూ కలిపి అధికారి బల్ల మీద పెట్టాను. మునిరత్నం ఉద్యోగం నిలబడింది.

నాకు మందలింపు మెమో వచ్చింది. దాన్ని రాసింది మా సూపరింటెండెంటు. "యూ ఓన్లీ మేడ్ ద మిస్టేక్" అని ఉంది. తప్పు చేసింది నువ్వే అని ఆయన ఉద్దేశం.

నొక్కి చెప్పే మాట ఎవరి మీద పడుతుందో చూసుకోకుండా కాగితం పంపకూడదని ఆ ఫైలుతో నేర్చుకున్నాను. మెమోలో ఎర్ర సిరాతో ఓన్లీని కొట్టేసి, యువర్సెల్ఫ్ అని దిద్ది, కింద సంతకం పెట్టాను.