కుడివైపు కుట్టు

మా తాతగారి పుస్తకాలకు ఏటేటా కుట్టి, అట్ట వేసి జిల్దు కట్టిన ముసలాయనను వికారాబాద్ ప్రెస్సులో పనికి కుదిర్చింది నేనే. మా జాగీరు పోయి నాలుగేళ్లయింది. అప్పటికి నేను రోజూ తాండూరు నుంచి పొద్దుటి బండిలో వెళ్లి ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. యజమాని తాండూరు సేటు. ఒకప్పుడు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డ కుటుంబం వాళ్లది. అది నేను మరిచిపోలేదు, ఆయనా మరిచిపోలేదు. నన్ను "దొరా" అనే పిలిచేవాడు. నాకు తన కుర్చీకన్న ఎత్తైన కుర్చీ వేయించాడు.

జిల్దు కట్టే ఆయనను నేను చాచా అనేవాణ్ని. పోలీస్ యాక్షన్ తర్వాత ఉర్దూ పుస్తకాల పని తగ్గిపోయి ఆయన ఇంట్లో ఊరికే కూర్చున్నాడు. "తెలుగు చదవరాదు చిన్న దొరా, కుట్టుడైతె వస్తది" అన్నాడు. కుట్టడానికి చదువెందుకని సేటుకు నేను మాటిచ్చాను.

"మీ మాట మీద పెట్టుకుంటున్న దొరా. జర తేడా వస్తె మాత్రం ఉంచుకోను" అన్నాడు సేటు.

ఆ ఏడు అనంతగిరి జాతరలో అమ్మడానికి పిల్లల బొమ్మల కథ పుస్తకం వేశాం. ఎలుగుబంటి పిల్ల ఒకటి పుట్టి, అడవంతా తిరిగి, తేనె దొంగిలించి తన్నులు తిని, ఆఖరుకు పెండ్లి చేసుకునే కథ. జింకు రేకు మీద తీసి చెక్కకు బిగించిన బొమ్మల బ్లాకులు హైదరాబాద్ నుంచి వచ్చాయి. మొదట నల్ల సిరా, అది ఆరాక ఎరుపు. ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఎలుగుబంటి నాలుక చెంప మీదికి పోయేది. ఒక్కో కాగితానికి రెండు వైపులా కలిపి నాలుగు పేజీలు. చాచా దాన్ని ఎముక బద్దతో నడుమకు ఒక్క మడత పెట్టేవాడు. అట్లాంటి మడతలు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచున ఆరెతో మూడు చిల్లులు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టేవాడు. ఆ మీద వెన్నుకు మైదా లై పూసి, అట్ట అంటించి, నాపరాయి పలక కింద ఆరనిచ్చి, మూడు వైపులా కోయాలి. పురుగు పట్టకుండా ఆ లైలో మైలుతుత్తం కలిపేవాడు. రంగుల అట్టలు హైదరాబాద్‌లోనే అచ్చవుతున్నాయి. అవి వచ్చేలోపల కుట్టు పూర్తి కావాలి.

మొదటి ప్రతి కుట్టి తెచ్చి చాచా నా బల్ల మీద పెట్టాడు.

"ఒక్కసారి తిరగేయుండ్రి, చిన్న దొరా."

నేను ముట్టుకోలేదు. "మీ కుట్టును నేను పరీక్ష చేసుడేంది చాచా? మా తాతనే ఎన్నడు చేయలే" అన్నాను. అది ఆయనకు నేనిచ్చే మర్యాద అనుకున్నాను. ఆయన మురిసిపోయి ఆ ప్రతిని అట్లాగే తీసుకుపోయాడు.

వెయ్యి ప్రతులు కుట్టడం అయ్యాక అట్టలు దిగాయి. సేటు స్వయంగా ఒక అట్టను పుస్తకానికి తొడిగి, పేజీలు తిప్పి, పగలబడి నవ్వాడు.

"దొరా, గిదేం ఎలుగుబంటి? ముందుగాల పెండ్లయింది, ఆఖరుకు పుడుతున్నది!"

నేను లాక్కుని చూశాను. ఉర్దూ పుస్తకానికి కుట్టు కుడివైపు ఉంటుంది. చాచా జీవితమంతా వెన్నును కుడివైపు ఉంచి, మొదటి మడత అన్నిటికన్న పైన వచ్చేటట్టు పేర్చినవాడు. ఇక్కడా చెయ్యి ఎట్లా పోతే అట్లా పేర్చాడు. దాన్ని తెలుగు పుస్తకంలా ఎడమవైపు వెన్ను పెట్టి తెరిస్తే చివరి మడత ముందు పడింది. ఒక్కో మడత లోపల కథ సరిగ్గానే నడిచేది. మడత మారగానే వెనక్కి పోయేది.

నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాది సేటూ. చూడుమని తెచ్చిస్తే నేను చూడలే. తీసేస్తే నన్ను తీసెయ్యి."

"మీ తప్పెట్లయితది? దొరలకు తప్పులు కూడ ఉంటయా?" అన్నాడు సేటు. అక్షరాలు కూర్చేవాళ్లు తలలు వంచుకుని నవ్వారు. "కూసోండ్రి దొరా. నా ప్రెస్సుల దొర కొలువు చేస్తున్నడని తాండూరంత చెప్పుకుంటున్నరు. మిమ్ముల పంపిస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

మళ్లీ చెప్పాను. గొంతు పెంచి చెప్పాను. సేటు నా మాట పూర్తి కానీయకుండానే చాచా వైపు తిరిగాడు. "జాతరకు నాలుగొద్దులున్నయి. అన్ని ఇప్పి మళ్ల కుట్టు. గా తర్వాత రాకు."

చాచా నేల మీద కూర్చుని దారాలు తెంపసాగాడు. నేనూ పక్కన కూర్చుని ఒక పుస్తకం అందుకున్నాను. తొందరపడి దారం లాగితే చిల్లు దగ్గర కాగితం చిరిగింది.

"లేవుండ్రి దొరా, సూసెటోళ్లు నన్ను తిడ్తరు" అని సేటు ఇద్దరు పనివాళ్లను పంపాడు. వాళ్లు నా భుజాలు పట్టుకున్నారు. నేను విదిలించుకోబోయాను.

"పోయి కుర్చీల కూసోండ్రి చిన్న దొరా" అన్నాడు చాచా మెల్లగా. "మీరిక్కడుంటె నా చెయ్యి మళ్ల తప్పుతది."

పోయి కూర్చున్నాను. నాలుగు రోజులు అక్కడి నుంచి చూశాను. మడతలు పేర్చేటప్పుడు ఆయన చెయ్యి కుడివైపుకే పోయేది. "ఇటు రావే, ముసలిదానా, ఇటు" అని దాన్ని తిట్టుకుంటూ ఎడమకు తెచ్చుకునేవాడు. జాతరకు ముందే పని ముగిసింది. ఒక్క మడత కూడా తప్పలేదు. అది చూపించి, చాచాను ఉంచుకొమ్మని సేటును ఇంకొకసారి అడిగాను. ఆయన నాకు చాయ్ తెప్పించాడు.

పోయేముందు చాచా హైదరాబాద్‌లో ఇంకో ప్రెస్సుకు చిట్టీ రాసిమ్మన్నాడు. అలవాటుకొద్దీ ఉర్దూలో మొదలుపెట్టాను. ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలుగుల రాయుండ్రి. ఉర్దూల ఉంటె, వీనికి కుడిపక్కనే తెలుసంటరు."

ఈయన పనికి నేను పూచీ అని తెలుగులో రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత ఆయన వికారాబాద్ స్టేషన్‌లో కనిపించాడు. పని దొరికిందా అని అడిగాను.

"చదివిండ్రు. మంచిగ రాసిండన్నరు. ఎవరీయన అని అడిగిండ్రు. మా దొర అన్న."

"ఏమన్నరు?"

"ఏ ఊరికి దొర అని అడిగిండ్రు, పని లేదన్నరు." ఆయన చిట్టీ తీసి చూపించాడు. నలగకుండా దాచుకున్నాడు. "రేపు ఇంకొక ప్రెస్సుకు పోతున్న. ఆడ గూడ అడిగితె ఏం జెప్పాలె చిన్న దొరా?"

తాండూరు బండి వచ్చింది. ఆయన ఇంకా నా ముఖం వైపే చూస్తున్నాడు.