కాకుల దయవల్ల పోర్చుగీసు వచ్చింది

ప్రపంచయుద్ధం ముగిసింది కదా, పోర్చుగీసువాళ్ళ ఏలుబడిలోని గోవాకు చీరలు పంపుదామని పోర్చుగీసు నేర్చుకుంటా ఉండాను. చిన్నప్పుడు రోజూ ఏమేం చేసేవాళ్ళమో ఆ భాషలో చెప్పడానికి మాత్రం నెలలైనా నోరు తిరగలేదు. "ఈరోజూ ఇది నోటికి రాకపోతే పాఠాలు ఆపేద్దాం శెట్టిగారూ," అనేసింది కంటోన్మెంటులోని మా గోవా పంతులమ్మ.

మూలన కూర్చునే వాళ్ళమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడదు. ఉక్రోషంతో ఆమెవైపే తిరిగి పోర్చుగీసులో చెప్పేశాను: "మా అవ్వ మిద్దె మీద వడియాలు పెట్టేది. నేను కర్ర పట్టుకొని కాకుల్ని తోలేవాణ్ణి."

ముసలామె నవ్వి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నేనూ తోలేదాన్ని. మావి ఎండుచేపలు."

చేప వాసనకే ముక్కు మూసుకునే నేను, సాయంత్రమంతా పోర్చుగీసులోనే ఎండుచేపల కథలు విన్నాను. అన్నీ అర్థమైనాయి. పాఠాలు ఆపే మాట పంతులమ్మ మళ్ళీ ఎత్తలేదు.

మీ మిద్దె మీద కాకుల్ని ఎవరు తోలేవాళ్ళప్పా?